ఇస్లామీయ ధర్మవిచారమున స్త్రీల ప్రశ్న

పరమతధర్మములను గూర్చి మాటలాడునపుడు మనకు రెండు తొందరపాటులు కలుగుచుండును. ఆ ధర్మము ఆదినుండియు నొకేరీతిగా నున్నదనియు, దానిలో ప్రశ్నించినవారు లేరనియు తలంచుట మొదటిది. అందు ఏదేని యొక మంచి మార్పు కానవచ్చినచో, అది పరదేశమునుండి వచ్చి తగులుకొన్నదే యని నిశ్చయించుట రెండవది. ఇస్లామునందు స్త్రీపురుషుల సమానత్వమును గూర్చి జరుగుచున్న వాదమును వినువారికి ఈ రెండు తొందరపాటులును సులభముగా కలుగును. ఆ వాదము నేటిది కాదు, నిన్నటిదియు కాదు. దాని మూలమును వెదకుచు పోయినచో ప్రవక్త యింటి గడపవరకు పోవలసివచ్చును. అది గ్రంథమునకును స్త్రీకిని నడుమ జరిగిన తగవు కాదనియు, గ్రంథమునకు అర్థము చెప్పు అధికారము ఎవరిదను విషయమున జరిగిన తగవనియు నేటి ప్రసంగమున నిరూపింప యత్నింతును.

మహమ్మదు ప్రవక్త ధర్మపత్నులలో ఉమ్మె సలమా యనునామె యొకతె. ఆమె యొకనాడు ప్రవక్తను ఇట్లడిగినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు: దైవవాణిలో పురుషుల ప్రసక్తి యున్నదే, స్త్రీల ప్రసక్తి యేల లేదు? ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఖురాను 33వ అధ్యాయమున 35వ వాక్యము వెలువడినదని వ్యాఖ్యాతలు వ్రాసిరి. ఆ వాక్యమున విశ్వాసము గల పురుషులు, విశ్వాసము గల స్త్రీలు, సత్యవంతులు, సత్యవతులు, ఓర్పు గల పురుషులు, ఓర్పు గల స్త్రీలు, ఇట్లు పది జంటలు వరుసగా చెప్పబడినవి. ఆ యెల్లరకును క్షమయు, మహాఫలమును సమానముగా విధింపబడినవి.

ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాడ నగుటచే నాకు ఈ సందర్భము మిక్కిలి రుచించును. మన సంస్కృతవ్యాకరణమున ఏకశేష మనునది కలదు. తల్లిని తండ్రిని కలిపి చెప్పవలసినచోట 'పితరౌ' అనిన చాలును; తండ్రిమాట నిలుచును, తల్లిమాట లోపించును. అర్థమున తల్లి యున్నది, మాటలో లేదు. అరబ్బీభాషయందును పుంలింగ బహువచనము స్త్రీలను కూడ గ్రహించును. శాస్త్రజ్ఞుడు ఇంతటితో తృప్తిపడును. ఉమ్మె సలమా తృప్తిపడలేదు. అర్థమున నున్నచో చాలదు, మాటలో నుండవలెనని ఆమె కోరినది. ఆ కోరిక తప్పని గ్రంథము చెప్పలేదు, దానిని మన్నించినది. నేటి ముస్లిము విదుషీమణులలో పెక్కురు తమ విచారమునకు నాందిగా ఈ కథనే యెత్తుకొనుట యాశ్చర్యము కాదు.

58వ అధ్యాయమునకు 'వాదించు స్త్రీ' యను నర్థము గల పేరు కలదు. పూర్వపు అరబ్బులలో భర్త భార్యను చూచి 'నీవు నాకు నాతల్లి వీపువంటిదానవు' అని యనినచో ఆమె వానికి భార్య గాకపోవును. అట్లని మఱియొకని పెండ్లాడుటకును స్వేచ్ఛ యుండదు. ఖౌలా యను స్త్రీ తన భర్త యిట్లు పలికినాడని ప్రవక్తతో వాదించినది, దైవమునకు మొఱపెట్టుకొన్నది. దైవము ఆమె వాదము వినెనని ఆ యధ్యాయము మొదలగును. ఆ దురాచారము ఖండింపబడినది, అట్లు పలికిన భర్తకు ప్రాయశ్చిత్తము విధింపబడినది. ఇక ప్రవక్తపత్నియగు ఆయిషా సంగతి. ఆమె హదీసులను, అనగా ప్రవక్త చెప్పిన మాటలను చేసిన చేతలను తెలుపు వృత్తాంతములను, వేలకొలదిగ చెప్పినది. ఇతరులు తప్పుగా చెప్పినపుడు వారిని దిద్దినది. ఆమె దిద్దుబాటులనే యొకచోట చేర్చి 14వ శతాబ్దిలో జర్కషీ యను మహాపండితుడు ప్రత్యేక గ్రంథము వ్రాసెను. కావున స్త్రీ శాస్త్రార్థమును విమర్శించుట ఇస్లామునకు క్రొత్త యనుట చరిత్రకు విరుద్ధము.

అట్లయినచో తరువాతి కాలమున స్త్రీలు వెనుకబడుటకు కారణమేమి? దీనికి ధర్మశాస్త్రనిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. ఖురాను మూలము. దాని తరువాత హదీసు. వీనిమీద పండితుల ఏకాభిప్రాయము, ఉపమానముచే ఊహించుట యను సాధనములతో ధర్మనిర్ణయము చేయుదురు. సున్నీలలో హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ యని నాలుగు శాఖలు స్థిరపడినవి. షియాలకు వేరుగ శాఖ కలదు. ఒక శాఖలో ధర్మమైనది మఱియొక శాఖలో కాకపోవచ్చును. మన స్మృతులకు మితాక్షర యొకరీతి వ్యాఖ్యానమైనట్లును, జీమూతవాహనుని దాయభాగము మఱియొకరీతి యైనట్లును దీనిని భావించినచో సులభముగా బోధపడును. దైవోద్దిష్టమైన మార్గమునకు షరియతు అని పేరు. దానిని మానవుడు తన బుద్ధికొలది గ్రహించి వ్రాసికొన్నదానికి ఫిఖ్ అని పేరు. షరియతు నిత్యము, ఫిఖ్ మానుషము. నేటి స్త్రీవాదమంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది.

ఆ ఫిఖ్ గ్రంథములను పురుషులు వ్రాసిరి. తమ కాలపు గృహవ్యవస్థను చూచుచు వ్రాసిరి. వారు స్త్రీకి అన్యాయమే చేసిరని యేకపక్షముగ చెప్పరాదు. పెండ్లియైన స్త్రీ తన యాస్తిని తానే యనుభవించు హక్కు ఇస్లామీయ ధర్మశాస్త్రమున ఆదినుండియు గలదు. ఇంగ్లండులో వివాహిత స్త్రీకి అట్టి హక్కు సంపూర్ణముగ 1882 నాటి శాసనముతో గాని రాలేదు. మెహరు, అనగా వరుడు వధువునకు చెల్లింపవలసిన ధనము, ఆమె సొత్తు. దాయమున ఆమెకు భాగము కలదు. కాని భర్తకు విధేయురాలై యుండుట ధర్మమనియు, అందుకు ప్రతిఫలముగ భరణమనియు ఆ గ్రంథములు నిర్ణయించినవి. భర్త ఒక్క మాటతో విడిచిపెట్టవచ్చును. భార్య విడివడవలెననినచో, ముఖ్యముగా హనఫీ శాఖలో, దారి మిక్కిలి యిరుకు. ఇక్కడనే ప్రశ్న పుట్టినది.

మనదేశమున ఆ ప్రశ్నను గ్రంథరూపమున నడిగినవారిలో మొదటివారు లాహోరు నగరమున నుండిన మౌల్వీ ముంతాజ్ అలీగారు. వీరు దేవబందు విద్యాలయమున చదివినవారు. స్త్రీలకంటె పురుషులు అధికులని చెప్పుటకు పండితులు చూపు ఆధారములను ఒక్కొక్కదానిని తీసికొని, ఖురానుచేతనే ఖండించుచు 'హుఖూఖె నిస్వాన్' అను ఉర్దూ గ్రంథము వ్రాసిరి. ఆ వ్రాతప్రతిని అలీగఢులో సర్ సయ్యద్ అహమ్మద్ ఖానుగారికి చూపగా, నవీనవిద్యకు పితామహుడగు ఆ మహనీయుడు కొన్ని పుటలు చదివి, కోపమున చించి చెత్తబుట్టలో పారవైచెనట. ముంతాజ్ అలీగారు ఆ కాగితములను ఏరుకొని భద్రపఱచిరి. 1898లో సర్ సయ్యదుగారు గతించిన పిమ్మట గ్రంథమును ప్రకటించిరి. ఆ సంవత్సరముననే తమ భార్య మొహమ్మదీ బేగముగారు సంపాదకురాలుగా 'తహ్జీబె నిస్వాన్' అను స్త్రీల వారపత్రికను స్థాపించిరి. మన హైదరాబాదులోను సుగ్రా హుమాయూన్ మీర్జాగారు 'అన్నిసా' యను స్త్రీల పత్రికను నడపి, బాలికలకు పాఠశాల స్థాపించిరి. పురుషుల విద్యకై పోరాడినవాడే స్త్రీల హక్కులమాట వచ్చుసరికి కాగితములు చించెననుటలో నొక పాఠమున్నది: ఈ వాదము ప్రాచీనులకు నవీనులకు నడుమ మాత్రమే జరిగినది కాదు.

ఈజిప్టుదేశమున 1899లో న్యాయాధిపతియగు ఖాసిం అమీను 'స్త్రీవిమోచనము' అను నర్థము గల పేరుతో అరబ్బీ గ్రంథమును ప్రకటించెను. బాలికలకు విద్య, బహుభార్యాత్వమునకు అడ్డు, విడాకులకు న్యాయస్థానపు కట్టుబాటు, ఘోషా సడలింపు, ఇవి ఆయన కోరినవి. దానిపై ఖండనగ్రంథములు పుంఖానుపుంఖముగ వెలువడినవి. విపక్షులకు బలము చేకూర్చిన సంగతి యొకటి కలదు. అప్పుడు ఈజిప్టును ఏలుచుండినది బ్రిటిషువారు. వారి ప్రతినిధి లార్డు క్రోమరు. ఘోషా మూలముననే యీ జాతి వెనుకబడినదని క్రోమరు వ్రాసెను. అదే క్రోమరు ఇంగ్లండునకు మరలిపోయి, అచట స్త్రీలకు వోటుహక్కు ఈయరాదని యేర్పడిన పురుషుల సంఘమునకు అధ్యక్షుడయ్యెను! పరదేశపు స్త్రీకి విమోచనము, స్వదేశపు స్త్రీకి నిరోధము. ఈ వైరుధ్యమును 1992లో లైలా అహమ్మద్ అను ఈజిప్టు విదుషి తన చరిత్రగ్రంథమున విపులముగా వివరించినది. స్త్రీవాదమను పేరు వినగనే అది పాలకుల ఆయుధమని ముస్లిముదేశములలో శంక కలుగుటకు ఇట్టి చరిత్రయే మూలము. శంక నిరాధారమైనది కాదు. కాని ఆ శంకను చూపి స్త్రీల న్యాయమైన కోరికను త్రోసిపుచ్చుట మఱియొక అన్యాయము.

ఈ రెండు ఒరల నడుమ చిక్కుకొనక నిలిచినది మలక్ హిఫ్నీ నాసిఫ్ అను ఉపాధ్యాయిని. ఈమె 1886లో పుట్టి 1918లోనే గతించినది. ఘోషా తీయుమని యాజ్ఞాపించు పురుషుడును, వేసికొనుమని యాజ్ఞాపించు పురుషుడును ఆజ్ఞాపించుటలో నొక్కటియే యని ఆమె భావము. ఆమెకు ముఖ్యము వస్త్రము కాదు, చదువు. 1911లో ఈజిప్టు మహాసభకు ఆమె పంపిన కోరికల పట్టికలో స్త్రీలు మసీదులకు పోయి ధర్మోపన్యాసములు వినుటకు అవకాశము, బాలికలకు విద్య, వైద్యశిక్షణ మున్నగునవి కలవు. భర్త రెండవపెండ్లి చేసికొన్న యింట నుండి ఆ బాధను ఎఱిగినది కావున, బహుభార్యాత్వమును గూర్చి ఆమె వ్రాసిన మాటలకు అనుభవబలము కలదు. 1923లో హుదా షారావీ యను మఱియొకామె స్త్రీసంఘమును స్థాపించి, రోము నగరపు మహాసభనుండి తిరిగివచ్చుచు కైరో రైలుస్టేషనులో ముఖముమీది ముసుగును తొలగించినది. చరిత్రపుస్తకములలో ఈ రెండవ దృశ్యమునకే ప్రసిద్ధి యెక్కువ. మొదటి పట్టికకు తక్కువ.

1928లో లెబనానున నజీరా జైనుద్దీన్ అను ఇరువదేండ్ల యువతి ఘోషాను విమర్శించుచు పెద్దగ్రంథము వ్రాసినది. ఆమె తండ్రి న్యాయాధిపతి. ఇంటనే శాస్త్రములు నేర్పెను. ఖురానును హదీసును వ్యాఖ్యాతలను ముందుంచుకొని, ఈ వ్యాఖ్యాతలే పరస్పరము విరోధించుచున్నారు, కావున నాకును విచారించు నధికారము కలదని ఆమె వాదించినది. ఈ గ్రంథమును స్త్రీ వ్రాయలేదనియు, పరులు వ్రాసియిచ్చిరనియు కొందఱు నిందించిరి. పండితురాలి పాండిత్యమును ఒప్పుకొనుటకంటె కర్తృత్వమును శంకించుట సులభము కదా.

ట్యునీసియాలో తాహిర్ హద్దాదు కథ మఱింత విషాదకరము. జైతూనా యను ప్రాచీన మసీదు విద్యాపీఠమున చదివిన యీతడు 1930లో స్త్రీని గూర్చి గ్రంథము వ్రాసెను. ఇస్లాము కొన్ని నియమములను తానున్న కాలపు స్థితినిబట్టి చెప్పినదనియు, మఱికొన్నింటిని శాశ్వతలక్ష్యములుగా చెప్పినదనియు, మొదటివానిని రెండవవాని వెలుగున చదువవలెననియు ఆతని సిద్ధాంతము. జైతూనా పండితులు గ్రంథమును ఖండించిరి, జీవనమార్గములు మూసికొనిపోయినవి. 1935లో ముప్పదియారేండ్లకే దరిద్రుడై మరణించెను. ఇరువదియొక యేండ్లకు, 1956లో, స్వతంత్ర ట్యునీసియా తన కుటుంబశాసనమును చేసినపుడు బహుభార్యాత్వమును నిషేధించినది. విడాకులు న్యాయస్థానము ద్వారమునగాని చెల్లవన్నది.

బహుభార్యాత్వనిషేధమునకు చెప్పబడిన యుక్తిని కొంచెము పరిశీలింతము. ఖురాను 4వ అధ్యాయమున 3వ వాక్యము నలుగురివఱకు పెండ్లాడుటకు అనుమతించుచు, వారియెడ సమముగ న్యాయము చేయలేమను భయమున్నచో నొక్కతెయే యనుచున్నది. అదే యధ్యాయమున 129వ వాక్యము, ఎంత కోరినను భార్యలనడుమ సమముగ న్యాయము చేయజాలరని చెప్పుచున్నది. ఈ రెంటికిని ఏకవాక్యత కుదిర్చినచో ఫలితమేమి? అనుమతికి పెట్టిన నిబంధన మానవునకు అసాధ్యము. కావున నియమము ఏకపత్నీత్వమే. ప్రాచీనవ్యాఖ్యాతలు దీనిని అంగీకరింపరు: రెండవ వాక్యమునందలి న్యాయము హృదయానురాగమునకు సంబంధించినది, మొదటిదానిలోనిది అన్నవస్త్రములకు సంబంధించినది యని విషయభేదము చెప్పుదురు. మీమాంస చదివినవారికి ఈ పద్ధతి పరిచితమే. ఉభయపక్షములును గ్రంథమును ప్రమాణముగనే గ్రహించినవి. భేద మంతయు అన్వయమునందే.

ఇదంతయు పండితుల వినోదము కాదు. అన్వయమునుబట్టి బ్రతుకులు మాఱును. మన దేశముననే జరిగిన సంగతి వినుడు. హనఫీ శాఖ ననుసరించు పంజాబుదేశమున, భర్త విడిచిపోయినను, అన్నము పెట్టకపోయినను, హింసించినను భార్యకు విడుదల దొరకకుండెను. మతము విడిచినచో వివాహము రద్దగునను నియమ మొకటి యుండెను. కావున కొందఱు స్త్రీలు, విశ్వాసము పోయి కాదు, దాంపత్యబంధమునుండి తప్పించుకొనుటకై, న్యాయస్థానమునకు పోయి తాము ఇస్లామును విడిచితిమని చెప్పుచుండిరి. ఇట్టి స్థితి ధర్మమును కాపాడుట యగునా యని కవియగు ఇక్బాలుగారు 1930లో ప్రకటించిన ఉపన్యాసములలో ప్రశ్నించిరి. ఆ ఉపన్యాసమాలలోని కొన్నింటిని వారు 1929 జనవరిలో మద్రాసునను హైదరాబాదునను చదివినవారే.

దీనికి పరిహారము చూపినవారు నవీనులు కారు. సంప్రదాయమునకు పెట్టనికోట యగు దేవబందు శాఖకు చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీగారు. వారు 1930ల ఆరంభమున, మాలికీ శాఖాపండితులకు వ్రాసి వారి నిర్ణయములను తెప్పించుకొని, సంకటమున నున్న స్త్రీ విషయమున హనఫీలు మాలికీధర్మము ననుసరింపవచ్చునని గ్రంథము వెలువరించిరి. తరువాత కేంద్రశాసనసభలో ముహమ్మద్ అహమ్మద్ కాజ్మీగారు బిల్లు ప్రవేశపెట్టగా 1939లో ముస్లిము వివాహరద్దు శాసనము పుట్టినది. భర్త నాలుగేండ్లు ఆచూకీ లేకపోయినను, రెండేండ్లు పోషణ చేయకపోయినను, క్రూరముగ ప్రవర్తించినను భార్య విడాకులు కోరవచ్చును. దానితోపాటు, మతము విడిచినంతమాత్రమున వివాహము రద్దు కాదనియు ఆ శాసనము చెప్పుచున్నది. ఒక చేతితో తలుపు తీసి, మఱియొక చేతితో కిటికీ మూసిరని విమర్శింపవచ్చును. కాని మతమో న్యాయమో యొకటి కోరుకొనుమని స్త్రీని నిర్బంధింపకుండుట యే యా తలుపు తీయుటలోని పరమార్థము.

20వ శతాబ్ది చివరిభాగమున స్త్రీలే స్వయముగ వ్యాఖ్యాతలైరి. ఈజిప్టులో ఆయిషా అబ్దుర్రహ్మాను అంతకుముందే, 1962 నుండి, ఖురానునకు భాషాశాస్త్రదృష్టితో వ్యాఖ్య ప్రకటించి పేరుగాంచినది. మొరాకోదేశపు ఫాతిమా మెర్నిస్సీ 1987లో హదీసుల పరీక్షకు పూనుకొన్నది. స్త్రీచేతిలో రాజ్యముంచిన జాతి బాగుపడదను నర్థము గల హదీసు బుఖారీ సంగ్రహమున కలదు. దానిని చెప్పినవాడు అబూబక్రా. ఆయిషా యొక పక్షమునకు నాయకత్వము వహించి 656లో ఒంటెయుద్ధమున ఓడిపోయిన తరువాత గాని ఈతనికి ఆ మాట జ్ఞాపకము రాలేదనియు, కూటసాక్ష్యమునకై ఈతడు పూర్వము దండింపబడెననియు ఆమె చూపినది. సాక్షి యోగ్యతను పరీక్షించుట హదీసుశాస్త్రమున మొదటినుండియు నున్న పద్ధతియే. ఆమె ఆ కత్తినే తీసికొన్నది. బుఖారీ యంగీకరించినదానిని మరల శంకింపరాదని విపక్షుల సమాధానము. ఆ గ్రంథము ఆమె స్వదేశమున నిషేధింపబడినది.

అమెరికాలోని ఆమినా వదూద్ 1992లో 'ఖురానును స్త్రీయును' అను నర్థము గల గ్రంథమును మలేషియాలో ప్రకటించినది. పాకిస్తానులో పుట్టిన అస్మా బర్లాస్ 2002లో అదే మార్గమున నడచినది. వీరికి మిక్కిలి కష్టమైనది 4వ అధ్యాయపు 34వ వాక్యము. పురుషులు స్త్రీలకు నిర్వాహకులని అది చెప్పును. అవిధేయయగు భార్యకు మొదట హితవు చెప్పుట, పిమ్మట శయ్య వేఱుచేయుట, చివరకు కొట్టుట యని సామాన్యముగ అర్థము చెప్పబడుచున్నది. నిర్వాహకత్వమునకు ఆ వాక్యమే, పురుషుడు తన ధనమును వెచ్చించుటను హేతువుగ చెప్పుచున్నది. హేతువు లేనిచోట అధికారమును లేదని వీరి వాదము. కొట్టుట యనుదానికి పెట్టిన క్రమమును విచ్చలవిడి హింసకు కళ్లెము వేయుటకే గాని, హింసను ప్రోత్సహించుటకు కాదని మఱియొక సమాధానము. ఖురాను మొత్తమున వినవచ్చు దయకును న్యాయమునకును అనుగుణముగ ఈ యొక్క వాక్యమును చదువవలెను గాని, దీనినిబట్టి మొత్తమును చదువరాదని వీరి సిద్ధాంతము.

వీరికి ప్రతిపక్షులు మూడు తెఱగులవారు. ఉలమాలు, అనగా ధర్మశాస్త్రపండితులు, పదునాలుగు శతాబ్దుల ఏకాభిప్రాయమును త్రోసిపుచ్చుటకు మీరెవరని యడుగుదురు. 2005 మార్చిలో న్యూయార్కు నగరమున ఆమినా వదూద్ స్త్రీపురుషులు కలిసిన శుక్రవారపు నమాజునకు నాయకత్వము వహించినపుడు, యూసుఫ్ ఖర్దావీ మొదలగు ప్రసిద్ధపండితులు అది చెల్లదనిరి. రెండవ తెఱగువారు ఈ మార్గముననే పుట్టిన తరువాతి తరపు విదుషులు. 2006లో కేషియా అలీ, 2014లో ఆయిషా హిదాయతుల్లా, తమ గురుతుల్యులనే మృదువుగ నిలదీసిరి. నేటి సమానత్వభావమును ఏడవ శతాబ్దపు వాక్యమున బలవంతముగ చొప్పించుట నిజాయితీ యగునా? కొన్ని వాక్యములు మనము కోరినట్లు పలుకవని యొప్పుకొనుట మేలు కాదా? ఇది గొప్ప ధైర్యముతో కూడిన ప్రశ్న. వదూద్ కూడ 2006 నాటి గ్రంథమున, కొట్టుట యను నర్థమునకు తన యంతరాత్మ సమ్మతింపదని స్పష్టముగ చెప్పినది. మూడవ తెఱగునకు ప్రతినిధి సబా మహమూద్. కైరో మసీదులలో ధర్మబోధ వినుచు, తామై ముసుగు వేసికొని, వినయము నలవఱచుకొనుచున్న సామాన్యస్త్రీలను చూచి 2005లో ఆమె గ్రంథము వ్రాసినది. ఎదిరించుట యొక్కటియే స్త్రీ వ్యక్తిత్వమునకు చిహ్నమా, భక్తియందు ఆమెకు స్వబుద్ధి లేదా యని ఆమె యడిగినది. స్త్రీవాదియను పేరునే యొల్లని విదుషీమణులును పెక్కురు కలరు.

ఇట్లు వాదములు జరుగుచుండగా శాసనములును కదలినవి. మొరాకోలో 2000 మార్చిలో నొకేదినమున రబాతు నగరమున సంస్కరణమునకు అనుకూలముగను, కాసాబ్లాంకాలో ప్రతికూలముగను మహాప్రదర్శనములు జరిగినవి. రెండింటను స్త్రీలు నడచిరి. 2004లో క్రొత్త కుటుంబశాసనము వచ్చినది. భార్య భర్తకు విధేయురాలై యుండవలెనను నియమము తొలగినది. కుటుంబభారము దంపతుల యుభయులదియు నైనది. వివాహవయస్సు ఇరువురకును 18 ఏండ్లయినది. తక్కువ వయస్సువారికి న్యాయాధిపతి యనుమతి ఈయవచ్చునను మినహాయింపు మాత్రము మిగిలి, పెక్కు వివాదములకు కారణమైనది. ఇండొనేషియాలో 2017 ఏప్రిలున చిరెబోను పట్టణమున స్త్రీఉలమాల మహాసభ జరిగినది. బాల్యవివాహమును అరికట్టవలెనని వారు ధర్మనిర్ణయము వెలువరించిరి. ఆ దేశమున అప్పటికి బాలికకు 16, బాలునకు 19 ఏండ్లు వివాహవయస్సు. 2018లో రాజ్యాంగన్యాయస్థానపు తీర్పు వెలువడగా, 2019లో ఇరువురకును 19గా శాసనము సవరింపబడినది. ఆడుపిల్ల బడిలో నుండవలసిన మూడేండ్లు ఆమెకు దక్కినవని నావంటి బడిపంతులు సంతోషించును.

మన దేశపు సంగతి మీరెఱుగుదురు. ఒక్కసారిగా మూడు తలాకులు చెప్పి భార్యను విడుచుట చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు చెప్పినది. అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఒకవంక, ఇద్దరు మఱియొకవంక. 2007లో స్థాపింపబడిన భారతీయ ముస్లిము మహిళా ఆందోళన్ వంటి సంఘములు ఖురానునందు ఇట్టి తలాకు లేదని వాదించినవి. మఱికొందఱు రాజ్యాంగమునే యాశ్రయించిరి. 2019 శాసనము దానిని నేరముగ చేసి మూడేండ్లవఱకు ఖైదు విధించినది. అప్పుడు స్త్రీలలోనే భేదము పుట్టినది. దండన లేనిది దురాచారము పోదని కొందఱు. భర్త చెఱసాలలో నుండగా భార్యాబిడ్డలకు అన్నము పెట్టువా రెవ్వరని కొందఱు. రెండవ ప్రశ్నయు స్త్రీహితముకొఱకే యడుగబడినదని మరువరాదు.

వాదము ముగియలేదు. దాయమున కుమార్తెకు కుమారునితో సగపాలు అను నియమము ఖురానులో స్పష్టముగ సంఖ్యలతో చెప్పబడినది. పురుషునకు పోషణభారమున్నదిగదా, కావున ఎక్కువ భాగమని ప్రాచీనుల సమర్థనము. స్త్రీయు సంపాదించి యిల్లు పోషించునపుడు ఆ హేతువు నిలుచునా యని నవీనుల ప్రశ్న. ట్యునీసియాలో 2018 నవంబరున మంత్రివర్గము సమానదాయపు బిల్లును ఆమోదించినను, శాసనసభ దానిని శాసనముగ చేయలేదు. ఆఫ్ఘనిస్తానమున 2021 తరువాత బాలికల ఉన్నతపాఠశాలలను, 2022 డిసెంబరున స్త్రీల విశ్వవిద్యాలయవిద్యను పాలకులు ఇస్లాము పేరనే నిలిపివేసిరి. అది షరియతునకు విరుద్ధమని అజ్‌హరు విద్యాపీఠపు మహాపండితుడు అహమ్మద్ అల్ తయ్యిబు ప్రకటించెను. సంప్రదాయసింహాసనమునుండియే ఆ మాట వచ్చుట గమనింపదగినది.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన దేమి? గ్రంథమునందు సమానత్వమున్నదని యొకరు, లేదని యొకరు వాదింతురు. ఆ వాదమును తీర్చుటకు మనకు అధికారము లేదు, అవసరమును లేదు. కాని హద్దాదు కష్టములను, థానవీగారి నిర్ణయమును, చిరెబోను స్త్రీలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక సత్యము గోచరించును. శాస్త్రము చదివినవారు బాధపడువారి మాట వినినపుడు మార్గము దొరకినది, విననపుడు దొరకలేదు. పంజాబు స్త్రీలు మతమును విడిచితిమని ప్రమాణము చేయుటకు ముందు ఎన్నియో పర్యాయములు ఇంటిపెద్దలకు, మౌల్వీలకు మొఱపెట్టుకొనియుందురు. తన ధర్మమందుండియే తనకు న్యాయము దొరకవలెనని కోరు స్త్రీ ఆ ధర్మమునకు శత్రువు కాదు. ఆమెయే దానిని అందఱికంటె గట్టిగ నమ్మినది. ఈ మాట ఇస్లామునకే కాదు, శాస్త్రము గల ప్రతి సంప్రదాయమునకును వర్తించును. మా పండితకులమునకు మొట్టమొదట వర్తించును.